గేర్ ఎందుకు పడట్లేదు? కలగలుపు సైకిల్‌లో తప్పును పట్టుకోవడం

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. తెల్లవారుజామున అక్కడికో, నెక్లెస్ రోడ్డుకో, కేబీఆర్ పార్క్ వైపుకో వెళ్తే కొత్త సైకిళ్లతో పాటు పాతవీ చాలానే కనిపిస్తాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నవి, ఆఫీసు స్నేహితుడు ఊరు మారుతూ అమ్మేసినవి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టి మళ్లీ బయటికొచ్చినవి. వీటిలో అన్ని పార్టులూ కంపెనీ బిగించినప్పటివే ఉండటం అరుదు. షిఫ్టర్ (హ్యాండిల్ దగ్గర గేర్ మార్చే లివర్) విరిగితే దొరికినది వేసుంటారు. ఫ్రీవీల్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి) అరిగితే షాపులో ఉన్నది ఎక్కించుంటారు. వెనక చక్రమే వేరే సైకిల్‌ది కావచ్చు.

అలాంటి సైకిల్‌కి గేర్ సరిగ్గా పడదు. షాపుకి తీసుకెళ్తే స్టాండ్ మీద ఎక్కించి, స్క్రూలు అటూ ఇటూ తిప్పి, "చూడు అన్నా, పడుతోంది" అని ఇస్తారు. స్టాండ్ మీద నిజంగానే పడుతుంది. బంజారా హిల్స్ ఎత్తు ఎక్కుతూ గేర్ మార్చగానే మళ్లీ కటకట మొదలు. ఇక్కడ మెకానిక్ నైపుణ్యం కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇది సెట్టింగ్ తప్పా, అరిగిపోయిన పార్టు తప్పా, లేక అసలు ఒకదానికొకటి కలవని పార్టుల జతా? మొదటిది స్క్రూతో పోతుంది. రెండోది పార్టు మారిస్తే పోతుంది. మూడోదాన్ని ఎంత మంచి మెకానిక్ అయినా స్క్రూతో సరిచేయలేడు, ఎందుకంటే అక్కడ తప్పింది లెక్క.

ఆ లెక్క పెద్ద కష్టమేమీ కాదు. పాత రోజుల్లో గేర్ లివర్‌కి క్లిక్‌లు ఉండేవి కావు. రైడరే లివర్‌ను జరుపుతూ, చెవితో వింటూ, చైన్ సరిగ్గా కూర్చునే చోట ఆపేవాడు. 1984లో జపాన్ సైకిల్ పార్టుల కంపెనీ షిమానో తన డ్యూరా-ఏస్ గేర్ సెట్‌తో క్లిక్ పద్ధతిని గట్టిగా నిలబెట్టింది. అప్పటి నుంచి ఒక క్లిక్‌కి కేబుల్ ఎంత లాగాలో షిఫ్టర్ లోపలే కొలిచి పెడుతున్నారు. ఆ కేబుల్ వెనక డిరైలర్‌ను, అంటే చైన్‌ను ఒక పళ్ల చక్రం (స్ప్రాకెట్) నుంచి ఇంకోదానికి జరిపే పరికరాన్ని, లాగుతుంది. డిరైలర్ ఆ లాగుడును కొన్ని రెట్లు పెంచి చైన్‌ను పక్కకు జరుపుతుంది. ఆ జరుగుడు పక్కపక్క స్ప్రాకెట్ల మధ్య దూరానికి సరిపోవాలి. అంటే, క్లిక్‌కి లాగే కేబుల్ పొడవును డిరైలర్ నిష్పత్తితో గుణిస్తే స్ప్రాకెట్ల దూరం రావాలి. వస్తే గేర్ పడుతుంది, రాకపోతే పడదు.

వెనక ఎన్ని స్ప్రాకెట్లు ఉంటే అన్ని 'స్పీడ్' అంటారు. షిమానో లెక్క ప్రకారం స్ప్రాకెట్ల మధ్య దూరం 6 స్పీడ్‌లో 5.5 మి.మీ., 7 స్పీడ్‌లో 5 మి.మీ., 8 స్పీడ్‌లో 4.8, 9 స్పీడ్‌లో సుమారు 4.35, 10 స్పీడ్‌లో 3.95. షిఫ్టర్ ఒక క్లిక్‌కి లాగే కేబుల్ 7 స్పీడ్‌లో సుమారు 2.9 మి.మీ., 8లో 2.8, 9లో 2.5, రోడ్ 10 స్పీడ్‌లో 2.3. ఆ తరాల షిమానో డిరైలర్ల నిష్పత్తి మాత్రం దాదాపు ఒకటే, 1.7. 2.8ని 1.7తో గుణించి చూడండి, 4.76 వస్తుంది. 4.8కి అంత దగ్గరగా వచ్చింది కాబట్టే 8 స్పీడ్ సెట్ చక్కగా పనిచేస్తోంది.

దీన్ని బట్టి ఏ కలగలుపు నడుస్తుందో, ఏది నడవదో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. 7 స్పీడ్ ఫ్రీవీల్‌కి 8 స్పీడ్ షిఫ్టర్ వేశారనుకుందాం. క్లిక్‌కి చైన్ 4.8 జరుగుతుంది, స్ప్రాకెట్ల దూరం 5. తేడా 0.2 మి.మీ. మధ్య గేర్‌లో సరిగ్గా సెట్ చేస్తే రెండు చివర్లకి మూడేసి క్లిక్‌లు, అంటే 0.6 మి.మీ. తేడా. డిరైలర్‌లోని రెండు పుల్లీల్లో (చైన్‌ను నడిపించే చిన్న చక్రాలు) పైదానికి పక్కలకు కొంచెం ఊగే వెసులుబాటు ఉంటుంది కాబట్టి అది సర్దుకుంటుంది. చివరి గేర్లలో సన్నగా గరగర వినిపించొచ్చు, అంతే. ఆ జతతో ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు ఉన్నారు, నేనైతే దాన్ని తప్పు అనను. షిఫ్టర్‌లో ఎనిమిదో స్థానానికి గేర్ ఉండదన్నది గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు 8 స్పీడ్ క్యాసెట్‌కి (ఫ్రీవీల్ లాంటిదే, కానీ జారించి ఎక్కించే గుత్తి) 9 స్పీడ్ షిఫ్టర్ వేశారనుకోండి. క్లిక్‌కి తేడా 0.45 మి.మీ. వినడానికి చిన్నదే. కానీ ఒక చివర సెట్ చేసి అయిదు క్లిక్‌లు వెళ్లేసరికి తేడా 2.25 అవుతుంది. 8 స్పీడ్‌లో స్ప్రాకెట్ మందమే 1.8 మి.మీ. అంటే పుల్లీ రావాల్సిన స్ప్రాకెట్ కింద లేదు, రెండింటి మధ్య ఖాళీలో నిలబడి ఉంది. ఒక చివర బాగుచేస్తే రెండో చివర చెడిపోవడం, దాన్ని బాగుచేస్తే మధ్యలో చెడిపోవడం ఇందుకే. ఈ లక్షణం కనిపించిందంటే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయాలి.

కంపెనీలు మారినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. చాలామంది స్ప్రాకెట్ల బ్రాండ్ గురించి భయపడతారు. అక్కడ భయం అక్కర్లేదు. 8, 9 స్పీడ్‌లలో షిమానో క్యాసెట్‌కీ శ్రామ్ క్యాసెట్‌కీ దూరం దాదాపు ఒకటే. భయపడాల్సింది షిఫ్టర్, డిరైలర్ జత విషయంలో. శ్రామ్ తన మౌంటెన్ సైకిల్ సెట్లలో 'వన్ టు వన్' అనే పద్ధతి వాడింది. దాని 9 స్పీడ్ షిఫ్టర్ క్లిక్‌కి సుమారు 4 మి.మీ. కేబుల్ లాగుతుంది, దాని డిరైలర్ నిష్పత్తి 1.1. ఆ షిఫ్టర్‌ను షిమానో డిరైలర్‌తో కలిపితే క్లిక్‌కి 6.8 మి.మీ. జరుగుతుంది, అంటే ఒక గేర్ దాటి ఒకటిన్నర గేర్ వెళ్లిపోతుంది. తిరగేసి కలిపితే 2.75 మి.మీ. మాత్రమే జరుగుతుంది, ఒక క్లిక్‌కి గేరే మారదు. మైక్రోషిఫ్ట్ షిఫ్టర్లలో చాలావరకు షిమానో కొలతకే చేసినవి, కానీ దాని అడ్వెంట్ వరుసది సొంత లెక్క.

ఒకే కంపెనీ అయితే చాలు అనుకోవడమూ ప్రమాదమే. షిమానో 2010 ప్రాంతంలో మౌంటెన్ 10 స్పీడ్ తెచ్చినప్పుడు డిరైలర్ నిష్పత్తిని 1.2కి తగ్గించింది. బురదలో కేబుల్ కొంచెం అటూ ఇటూ అయినా గేర్ చెడకూడదన్న ఉద్దేశంతో చేసిన మార్పు అది. మంచి ఆలోచనే, కానీ దానివల్ల ఆ డిరైలర్ పాత షిఫ్టర్లతో కలవదు. రెండింటి మీదా షిమానో అనే ఉంటుంది, రెండింటి మీదా 10 అనే ఉంటుంది, గేర్ మాత్రం పడదు. ఇదే లెక్క ఒక్కోసారి మేలూ చేస్తుంది. రోడ్ 10 స్పీడ్ షిఫ్టర్ లాగే 2.3ని పాత 9 స్పీడ్ మౌంటెన్ డిరైలర్ నిష్పత్తి 1.7తో గుణిస్తే 3.9 వస్తుంది, 10 స్పీడ్‌కి కావలసింది 3.95. అందుకే అనంతగిరి లాంటి ఎత్తులు ఎక్కడానికి పెద్ద స్ప్రాకెట్ కావాలనుకునే రోడ్ సైకిల్ వాళ్లకి ఆ పాత డిరైలర్ చక్కగా పనికొస్తుంది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ప్రతి కలగలుపు సైకిల్‌లోనూ తప్పు లెక్కదే అనుకుంటే కొత్త షిఫ్టర్ కొని డబ్బు పోగొట్టుకోవడం ఖాయం. ముందు రోగ లక్షణం చూడాలి.

గేర్ ఒక వైపు వెళ్లేటప్పుడు మాత్రమే మొండికేస్తే, అది దాదాపు ఎప్పుడూ కేబుల్ రాపిడి. పెద్ద స్ప్రాకెట్ వైపు వెళ్లడానికి మన బొటనవేలి బలం లాగుతుంది, చిన్న స్ప్రాకెట్ వైపు రావడానికి డిరైలర్‌లోని స్ప్రింగ్ ఒక్కటే లాగాలి. కేబుల్ లోపల తుప్పు పట్టినా, దుమ్ము చేరినా, స్ప్రింగ్ బలం చాలదు. అందుకే పెద్ద స్ప్రాకెట్‌కి ఎక్కేటప్పుడు గేర్ బాగా పడి, చిన్నదానికి దిగేటప్పుడు పడక, కాసేపాగి తనంతట తనే టక్కున పడుతుంది. రెండు వైపులా ఒకేలా పడుతూ ఒక చివర బాగుండి ఇంకో చివర చెడితే, అది పైన చెప్పిన లెక్క తప్పు, లేదా హ్యాంగర్ వంకర. గేర్ సరిగ్గానే పడి, పెడల్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే చైన్ జారితే, అది షిఫ్టింగ్ సమస్యే కాదు. పళ్లు అరిగాయి. ఏ పద్ధతీ లేకుండా ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ఉంటే ఎక్కడో ఏదో వదులైంది. డిరైలర్ కీళ్లు, పుల్లీ, వెనక హబ్, ఫ్రీవీల్ ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని ఊపి చూడాలి.

హ్యాంగర్ అంటే ఫ్రేమ్‌కి డిరైలర్‌ను వేలాడదీసే చిన్న లోహపు ముక్క. సైకిల్ కుడివైపు పడితే మొదటి దెబ్బ దానికే. సెల్లార్‌లో బైకుల మధ్య ఇరికించినా, బస్సు డిక్కీలో పడుకోబెట్టినా వంగుతుంది. సైకిల్ వెనక కూర్చుని, డిరైలర్‌లోని రెండు పుల్లీలూ పైన స్ప్రాకెట్‌తో ఒకే నిట్టనిలువు గీతలో ఉన్నాయా అని చూస్తే పెద్ద వంకర కంటికే తెలుస్తుంది. చిన్న వంకరకి కొలత పరికరం కావాలి, మంచి షాపుల్లో ఉంటుంది. ఇనుప ఫ్రేమ్ అయితే జాగ్రత్తగా వంచి సరిచేయొచ్చు. అల్యూమినియం హ్యాంగర్‌ను పదేపదే వంచితే విరుగుతుంది, కొత్తది వేయించడమే మంచిది. వెనక చక్రం ఫ్రేమ్‌లో తిన్నగా కూర్చుందో లేదో కూడా ఇదే సమయంలో చూడాలి. పంక్చర్ వేయించాక గేర్లు చెడిన సైకిళ్లలో చాలావాటికి చక్రం ఓరగా బిగించడమే కారణం.

కేబుల్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో ఎక్కువ సైకిళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. మూసాపేటలో మా పక్కింటి కుర్రాడి సైకిల్ ఇలాంటిదే. 7 స్పీడ్ ఫ్రీవీల్, 8 స్పీడ్ షిఫ్టర్. "అంకుల్, షిఫ్టర్ తప్పు వేశారంట, అందుకే పడట్లేదంట" అన్నాడు. లెక్క ప్రకారం ఆ జత నడవాలి. కేబుల్ వెంట వేలు జరుపుకుంటూ వస్తే వెనక చక్రం దగ్గర గుండ్రంగా తిరిగే చోట ఔటర్ (కేబుల్ పై తొడుగు) మిగతా భాగం కంటే లావుగా తగిలింది. అది బ్రేక్ ఔటర్.

బ్రేక్ ఔటర్ సాధారణంగా 5 మి.మీ. లావు, లోపల తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది. గేర్ ఔటర్ 4 మి.మీ., లోపల తీగలు పొడవునా నిలువుగా ఉంటాయి. బ్రేక్ ఔటర్‌ను లాగినప్పుడు, వంచినప్పుడు ఆ చుట్టలు ఒకదానిలోకి ఒకటి నొక్కుకుని పొడవు కొంచెం మారుతుంది. బ్రేక్‌కి ఆ కొంచెం పెద్ద లెక్క కాదు. క్లిక్‌కి 2.8 మి.మీ. మీద నడిచే గేర్‌కి అర మిల్లీమీటరు పోయినా దాదాపు అయిదో వంతు పోయినట్టే. ఆ కుర్రాడి ఔటర్ చివరను కటింగ్ ప్లయర్‌తో నొక్కి కోశారు, రంధ్రం నలిగి సగం మూసుకుపోయింది. చివర టోపీ కూడా లేదు. ఒక మూర గేర్ ఔటర్, రెండు టోపీలు, ఒక కొత్త లోపలి కేబుల్ వేయించాక అదే షిఫ్టర్‌తో ఏడు గేర్లూ పడ్డాయి. ఔటర్ కోసేటప్పుడు పదునైన కేబుల్ కట్టర్ వాడమని, చివర తిన్నగా రుద్దమని, సూదితో రంధ్రం గుండ్రంగా తెరవమని షాపులో నిలబడి అడగండి. అడిగితే చేస్తారు.

వానాకాలంలో ఆ వెనక వంపు దగ్గరే నీళ్లు, మట్టి చేరతాయి. ఔటర్ మరీ పొట్టిగా ఉంటే వంపు బిగుసుకుని రాపిడి పెరుగుతుంది, మరీ పొడుగైతే ఊగుతుంది. కేబుల్ డిరైలర్‌లోకి తిన్నగా ప్రవేశించేంత పొడవు ఉంటే చాలు.

కేబుల్‌కి సంబంధించి ఇంకో తప్పు ఉంది, అది చాలామంది కంటికి ఆనదు. డిరైలర్ మీద కేబుల్‌ను ఒక బోల్టు కింద బిగిస్తారు. అక్కడ వాషర్ దగ్గర కేబుల్ కూర్చోవడానికి చిన్న గాడి ఉంటుంది. కేబుల్‌ను ఆ గాడిలో కాకుండా బోల్టుకు అవతలి పక్క నుంచి పోనిస్తే, లాగే బిందువుకూ కీలుకూ మధ్య దూరం మారిపోతుంది. అంటే డిరైలర్ నిష్పత్తే మారిపోతుంది. అన్ని పార్టులూ సరైనవే అయినా లెక్క తప్పిన జతలా ప్రవర్తిస్తుంది. షిఫ్టర్ మార్చే ముందు ఈ ఒక్క బోల్టు వదులు చేసి, గాడి చూసి, మళ్లీ బిగించండి.

ఇక స్క్రూలు. డిరైలర్ మీద హెచ్, ఎల్ అని రెండు స్క్రూలు ఉంటాయి. గేర్ పడకపోతే అందరి చెయ్యీ ముందు వాటి మీదకే వెళ్తుంది. అవి రెండు చివర్లలో చైన్ దాటిపోకుండా ఆపే హద్దులు మాత్రమే. మధ్య గేర్లతో వాటికి సంబంధం లేదు. ఎల్ స్క్రూ అనవసరంగా వదులు చేస్తే చైన్ స్పోక్స్‌లోకి పోతుంది, నడిరోడ్డు మీద అది నిజంగా ప్రమాదం. మధ్య గేర్లను సరిచేసేది కేబుల్ చివర ఉండే గుండ్రటి బ్యారెల్. పెద్ద స్ప్రాకెట్‌కి ఎక్కడానికి మొరాయిస్తే బ్యారెల్‌ను బయటికి, చిన్నదానికి దిగడానికి మొరాయిస్తే లోపలికి, ఒకసారికి పావు చుట్టు తిప్పాలి. బీ స్క్రూ అనేది మూడోది. ఎత్తుల కోసం 14-28 ఫ్రీవీల్ తీసి 14-34 వేయించుకుంటే పై పుల్లీ పెద్ద స్ప్రాకెట్‌కి తగులుతుంది, అప్పుడు దాన్ని బిగించాలి. డిరైలర్ 34 పళ్లను అందుకునే రకమో కాదో కొనే ముందే చూసుకోవాలి. చైన్ పొడవు చాలకపోతే, పెద్ద చైన్‌వీల్‌కి (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) పెద్ద స్ప్రాకెట్ కలిపినప్పుడు చైన్ బిగుసుకుని హ్యాంగర్‌నే విరగ్గొట్టొచ్చు.

చైన్ విషయంలో నియమం సులువు. 6, 7, 8 స్పీడ్‌లకి ఒకే చైన్ సరిపోతుంది, బయటి వెడల్పు 7 మి.మీ. పైచిలుకు. 9 స్పీడ్ చైన్ సుమారు 6.6. సన్నదాన్ని పాత సెట్ మీద వేసినా చాలావరకు నడుస్తుంది. లావుదాన్ని 9 స్పీడ్ మీద వేస్తే పక్క స్ప్రాకెట్‌కి రాసుకుంటూ, మీకు గేర్ సరిగ్గా పడలేదన్న భ్రమ కలిగిస్తుంది. అరుగుదల చూడటానికి మామూలు స్కేలు చాలు. ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెడితే, దాని తర్వాత 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ కూడా పోయిందనే అనుకోవాలి. కొత్త చైన్ వేయగానే జారడం మొదలైందని చైన్‌ను తిట్టేవాళ్లు ఉన్నారు. అరిగిన పళ్లకి అరిగిన చైన్ అలవాటు పడి ఉంటుంది, కొత్త చైన్ ఆ పళ్ల మీద కూర్చోదు, అసలు సంగతి అదే.

ముందు డిరైలర్ సంగతి కొద్దిగా చెబితే చాలు. దాని పంజరం పెద్ద చైన్‌వీల్ పళ్లకి 1 నుంచి 3 మి.మీ. ఎత్తులో, చైన్‌వీల్‌కి సమాంతరంగా ఉండాలి. 48 పళ్ల చైన్‌వీల్‌కి చేసిన పంజరాన్ని 42 మీద బిగిస్తే వంపు కుదరదు. బీబీ (పెడల్ చేతులు బిగించే యాక్సిల్, బేరింగ్‌ల సెట్) మార్పించినప్పుడు యాక్సిల్ పొడవు వేరేది వేస్తే చైన్‌వీల్‌లే లోపలికో బయటికో జరిగిపోతాయి, ముందు గేర్లు ఎంత తిప్పినా కుదరవు. పాత బీబీని దగ్గర పెట్టుకుని పొడవు కొలిచి చూడండి. కేబుల్ పై నుంచి లాగే రకానికీ కింద నుంచి లాగే రకానికీ తేడా ఉంది. రోడ్ సైకిల్ ముందు డిరైలర్‌కి మౌంటెన్ సైకిల్ షిఫ్టర్ కలవదు.

అన్నీ చూశాక కూడా అనుమానం షిఫ్టర్ మీదే నిలిస్తే, కొలిచి తేల్చుకోవచ్చు. డిరైలర్ దగ్గర కేబుల్ విప్పి, చేత్తో బిగువుగా పట్టుకుని, ఫ్రేమ్ వెంట కేబుల్ బయటికి కనిపించే చోట కేబుల్‌కే టేపు ముక్క అంటించండి. మొదటి గేర్ నుంచి చివరి గేర్ దాకా క్లిక్‌లు వేసి, టేపు ఎంత జరిగిందో స్కేలుతో కొలిచి, క్లిక్‌ల సంఖ్యతో భాగించండి. వచ్చేది సగటు, అయినా సరిపోతుంది. ఆరు క్లిక్‌లకి 17 మి.మీ. దాటితే 7 స్పీడ్ షిమానో కొలత. ఎనిమిది క్లిక్‌లకి 20 అయితే 9 స్పీడ్, 32 అయితే శ్రామ్ పాత కొలత. వెనక స్ప్రాకెట్లు ఎన్నో లెక్కపెట్టండి, మొదటిదాని కుడివైపు ముఖం నుంచి చివరిదాని కుడివైపు ముఖం దాకా కొలిచి, మధ్యనున్న ఖాళీల సంఖ్యతో భాగించండి.

లెక్క కుదరదని తేలితే షిఫ్టర్‌ను స్ప్రాకెట్లకి తగినదిగా మార్చడమే సాధారణంగా చౌకైన దారి. అదీ దొరకకపోతే క్లిక్‌లు లేని ఫ్రిక్షన్ లివర్ ఉంది. దానికి దాదాపు ఏ కంపెనీ అయినా, ఎన్ని స్పీడ్‌లు అయినా ఫరవాలేదు, వేలు అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. కలగలుపు సైకిల్ మీద రోజూ ఆఫీసుకి వెళ్లేవాళ్లకి నేను నిస్సంకోచంగా సూచించేది అదే. షాపుకి వెళ్లేటప్పుడు "గేర్ షిఫ్టర్ కావాలి" అని మాత్రమే అడగకండి. స్ప్రాకెట్లు ఎన్ని, అన్నిటికంటే చిన్నదానికీ పెద్దదానికీ పళ్లు ఎన్ని, డిరైలర్ వెనక చెక్కి ఉన్న మోడల్ నంబర్ ఏది, ఈ మూడూ ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లి చూపించండి. వెనక చక్రం తీస్తే మధ్యలో ఉన్నది మరమీద బిగించే ఫ్రీవీలో, జారించి ఎక్కించే క్యాసెట్టో కూడా ఫొటోలో కనిపించేలా చూడండి, ఎందుకంటే ఈ రెండూ ఒకదాని స్థానంలో ఇంకొకటి ఎక్కవు.